చుక్కలు లేని ముగ్గు
(మా శాంతినికేతన యాత్ర)

గత డిసెంబరు నెల మొదటి వారమున మేము వంగదేశమందలి శాంతినికేతనమునకు బోయి వచ్చితిమి. మా ప్రయాణమునకు వినోదము కారణము కాదు. మా చెల్లెలి కుమార్తెను వెంటబెట్టుకొని, ఆమె చదువు నిలుచునో మానునో తేల్చుకొనుటకై వెళ్లితిమి. అందుచేత నీ వ్యాసమున చూచిన వింతలతోపాటు, మా యింటి సంగతియు గొంత చెప్పక తప్పదు.

అమ్మాయి పట్టణమందలి యొక చిత్రకళాశాలలో మూడవ యేడు చదువుచున్నది. చిన్ననాటినుండియు నామెకు గీతయన్న ప్రాణము. బొగ్గుముక్క దొరకిన గోడ, సుద్ద దొరకిన గడప ఖాళీగా విడిచెడిది కాదు. కళాశాలలో చేరిన పిమ్మట మాత్ర మొక చిక్కు వచ్చినది. అచ్చట బ్రతి చిత్రమునకును ముందుగా ప్రణాళిక వ్రాసి యీయవలెను. ఏమి గీయదలచితివి, యెందులకు గీయదలచితివి, యే రంగు లెచ్చట వచ్చును అను ప్రశ్నలకు బదులు వ్రాసిన పిదపనే కుంచె పట్టవలెను. మా యమ్మాయికి వ్రాయ చేత గాలేదు. "ముందు నాకేమియు దెలియదు, పెద్దమ్మా! ఒక గీత పడిన తరువాత, దాని ప్రక్కన నేది కావలెనో చేతికి దోచును. అంతకుముందే యడిగిన నేమి చెప్పగలను?" అని మాతో ననెడిది. ఒకనాడు ఉపాధ్యాయుడు పదిమంది యెదుట నామె చిత్రమును బైకెత్తి, "ఇది ఆలోచన లేని చేతిపని, పసిపిల్లలును జేయుదురు" అనెనట. ఆ పరీక్షలో మార్కులు తక్కువ వచ్చినవి. అమ్మాయి కుంచెలన్నియు గడిగి, పెట్టెలో బెట్టి, పెట్టెను మంచము క్రిందికి ద్రోసినది. రెండు నెలలు చేత పెన్సిలు పట్టలేదు.

తండ్రికి మొదటినుండియు నీ చదువు మీద నమ్మకము తక్కువ. "చిత్రములు గీచి యెవరు బ్రతికిరి? జనవరిలో రుసుము కట్టవలెను. ఆ సొమ్ముతో లెక్కలు వ్రాయుట నేర్చుకొన్నచో నుద్యోగము వచ్చును" అని యాయన వాదము. ఆయన మాటలో దప్పు లేదు. సంసారము నీడ్చువారికి దెలియును. సంక్రాంతిలోపుగా నేదో యొకటి నిశ్చయింతమని గడువు పెట్టినారు. మా చెల్లెలు మాకు గబురు పంపి, "అక్కా, నీవు చెప్పిన వినును, ఏదో యొక దారి చూపుము" అని కోరినది. మాకు చిత్రకళ దెలియదు. కాని మా బందరులో, జాతీయ కళాశాలలో, ప్రమోదకుమార ఛటోపాధ్యాయుల వారు వంగదేశమునుండి వచ్చి చిత్రలేఖనము నేర్పిన కథలు మా పెద్దలు చెప్పగా వింటిమి. అడివి బాపిరాజుగారు వారి శిష్యులే. చిత్రకళ గూర్చి సందేహము వచ్చినపుడు వంగదేశమువైపు చూచుట మా యూరివారికి బాత యలవాటు. అందుచే శాంతినికేతనమే మనసున బడినది.

విజయవాడలో రైలెక్కి, ఒక రాత్రియు నొక పగలును గడిపి హౌరా చేరితిమి. హౌరానుండి బోలుపురము రమారమి నూటయరువది కిలోమీటర్లు. మూడు గంటలలోపు ప్రయాణము. వరిచేలు కోతకు వచ్చి పచ్చగా బండియుండెను. బర్ద్వాను దాటిన కొంతసేపటికి నేల రంగు మారినది. నల్లమట్టి పోయి, ఇటుకపొడి చల్లినట్లు ఎఱ్ఱమన్ను కానవచ్చెను. అమ్మాయి కిటికీ యూచలకు నుదురానించి చూచుచుండెను గాని మాటాడలేదు. బోలుపురమున దిగగానే విద్యుత్తుతో నడుచు చిన్న బండ్లు చుట్టుముట్టినవి. వానిని వారు 'టోటో' యందురు. అందొకదాని నెక్కి, పదిహేను నిమిషములలో బస చేరితిమి.

ఈ ప్రదేశము యొక్క చరిత్రము క్లుప్తముగా జెప్పుదుము. 1863లో మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారు ఈ బీడునేలలో ఇరువది బిఘాల భూమిని దీసికొనిరి. అప్పు డిచ్చట నీడనిచ్చునవి రెండు ఏడాకులపాల చెట్లు మాత్రమే. వానిని వంగీయులు 'ఛాతిమ' యందురు. 1901లో ఆయన కుమారుడు రవీంద్రనాథుడు అయిదుగురు విద్యార్థులతో నిచ్చట బాఠశాల పెట్టెను. 1919లో చిత్రకళకై కళాభవనము వెలసినది. 1921లో విశ్వభారతి యేర్పడినది. 1951లో నది కేంద్ర విశ్వవిద్యాలయమయ్యెను. 2023లో యునెస్కో సంస్థవారు శాంతినికేతనమును ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించిరి. మన రాయప్రోలు సుబ్బారావుగారును, బెజవాడ గోపాలరెడ్డిగారును ఇచ్చటి నీడలలో గొంతకాలము మెలగినవారే. బుధవారమిచ్చట వారపు సెలవు. వెళ్లదలచిన సోదరీమణులు జ్ఞాపకముంచుకొనవలెను.

మొదటినాడు ఉత్తరాయణమను పేరుగల యావరణమునకు బోయితిమి. రవీంద్రుడు నివసించిన యిండ్లిచ్చట నయిదు కలవు. అందు 'శ్యామలి' యనునది మట్టియిల్లు. గోడలేగాక కప్పుగూడ మట్టితోడనే యుండవలెనని ఆయన కట్టించెనట. ఎంత గొప్పవాడైనను మట్టియింటి చల్లదనము మరువలేదుగదా యని మాకు ముచ్చట గలిగినది.

అచ్చటి ప్రదర్శనశాలలో రవీంద్రుని వ్రాతప్రతుల పుటలను జూచితిమి. ఇక్కడనే అమ్మాయి మొదటిసారి నిలిచిపోయినది. కవి పద్యము వ్రాయునపుడు నచ్చని మాటలను గొట్టివేయునుగదా. ఆ కొట్టివేతలు పుటమీద గాయములవలె నుండుట చూడలేక, వానిని గీతలతో నొండొంటికి గలుపుచు వచ్చెనట. గలుపగా గలుపగా నొకచోట పక్షి ముక్కు, ఇంకొకచోట పేరులేని మృగము యొక్క మెడ పుట్టెను. 1924లో వ్రాసిన 'పూరబి' కవితల వ్రాతప్రతి యీ విధముగా నిండియున్నది. ఆ కొట్టివేతలనుండియే యాయన చిత్రకారుడయ్యెను. అప్పటికి అరువదియేండ్లు దాటినవి. పిమ్మట రెండువేలకు బైగా చిత్రములు గీచెను. 1930 మే నెలలో పారిసు నగరమున వాని తొలి ప్రదర్శనము జరిగెను. చాల చిత్రములకు బేరు పెట్టనేలేదు.

అమ్మాయి అద్దమువద్ద చాలసేపు నిలిచి, "పెద్దమ్మా, ఈయన ముందుగా ప్రణాళిక వ్రాసినాడా?" అని యడిగినది. ఆ ప్రశ్నలో నెత్తిపొడుపు గలదు. మేము తొందరపడి, "చూచితివా, నీదే సరియైన దారి" యనియుందుము. కాని యేదో తోచి, "ఆయన కలము పట్టిన యేండ్లు లెక్కపెట్టి చెప్పుము" అంటిమి. ఆమె బదులు చెప్పలేదు. అక్షరములు వ్రాసి వ్రాసి వంపులలో నారితేరిన చేయి, మాటలను విడిచి గీతలలోనికి దిగినది. ఆ నేర్పు ఊరక వచ్చినది కాదని మా యభిప్రాయము.

మరునాడు డిసెంబరు ఒకటవ తేదీ. ఆ నాడును, మరునాడును కళాభవనములో 'నందన మేళా' జరుగును. కళాభవనమునకు జిరకాలము ప్రధానాచార్యుడై యుండిన నందలాలు బోసుగారి జన్మదినము డిసెంబరు 3. అది 1882వ సంవత్సరము. ఆయన స్మృత్యర్థమై విద్యార్థులును, ఉపాధ్యాయులును తాము చేసిన చిత్రములను, మట్టిబొమ్మలను, అద్దకపు గుడ్డలను ఆ రెండునాళ్లు అమ్ముదురు. వచ్చిన ధనము విద్యార్థుల సహాయనిధికి జేరును. చెట్లక్రింద దీపములు గట్టి, మరమరాలును, ఈతబెల్లపు మిఠాయిలును అమ్ముచుండిరి. వంగీయుల క్రొత్త ఈతబెల్లము సువాసన మన తాటిబెల్లమునకు లేదు. ఈ మాట మా యూరివారు క్షమింతురుగాక.

కళాభవనపు టావరణములో రామకింకర బైజుగారి శిల్పములు చెట్లనడుమ నారుబయట నిలిచియున్నవి. 1938లో జేసిన 'సంతాలు కుటుంబము' మమ్ము గదలనీయలేదు. తండ్రి భుజమున గావడి, కావడితట్టలో బిడ్డ, ప్రక్కన తల్లి, వెంట గుక్క. పనిని వెదకుకొనుచు మరియొక యూరికి సాగిపోవుచున్న కూలివారు. చలువరాయి గాదు, కంచు గాదు. ఇచ్చటి ఎఱ్ఱ గులకరాళ్లు కలిపిన సిమెంటే. ఇనుపకమ్మీల మీద ఆ ముద్దను విసరి విసరి యంటించి, ఆరకముందే కొట్టి, గీకి రూపము తెచ్చెను. ముద్ద యారువరకే గడువు. కావున చేయి వెనుదీయుటకు వీలులేదు. అయినను ఆ కూలివారి నడక యాతనికి గ్రొత్త గాదు. ఇచ్చటి సంతాలు జనులను ఆతడు దినదినమును జూచుచుండినవాడే.

కొంచెము దూరమున సన్నగా, పొడవుగా నొక స్త్రీమూర్తి చెట్లలో జెట్టువలె నిలిచియున్నది. దానిపేరు 'సుజాత', 1935 నాటిది. మొదట రామకింకరుడు దానిని బేరులేని స్త్రీమూర్తిగానే చేసెననియు, నందలాలు చూచి తలమీద నొక పాత్ర నుంచుమని చెప్పగా, అది బుద్ధునకు పాయసము దెచ్చిన సుజాత యైనదనియు జెప్పుదురు. అనగా రూపము ముందు పుట్టినది; పేరు వెనుక వచ్చినది. గురువు "దీని కర్థమేమి?" యని కసరలేదు. అందున్న యర్థమును దాను కనుగొని, ఒక్క మాటతో దానిని వెలికి దీసెను. అమ్మాయి ఆ కథ విని తలవంచుకొనెను. ఆమె కండ్లలో నీరు చూచియు జూడనట్లుంటిమి.

నందలాలుగారి బోధనను గూర్చి యొక మాట. ఆయన ప్రకృతి, సంప్రదాయము, స్వతంత్రత అను మూడింటిని ముక్కోణమువలె బెట్టి చెప్పెడివారు. జపానుదేశపు పండితుడగు ఒకాకురా నుండి యాయన గ్రహించిన సూత్రమది. ప్రకృతిని మాత్రమే పట్టుకొన్న నకలు. సంప్రదాయమును మాత్రమే పట్టుకొన్న చద్దన్నము. స్వతంత్రత యొక్కటియే యన్న పిచ్చిపరుగు. మూడును గలిసిననే చిత్రము. ఆయన చిన్న చిన్న కార్డులు వెంటనుంచుకొని, కనబడిన మేకను, చెట్టును, నీళ్లు మోయు స్త్రీని గీచి, శిష్యులకు దపాలులో బంపెడివారట. ఉత్తరమునకు బదులుగా నొక మేక వచ్చిన నెంత సంతోషము!

ఆవరణములో నొక గోడమీద రంగు పలకల చిత్రమున్నది. అది వినోదవిహారి ముఖోపాధ్యాయుని కృతి. ఈయన కథ విన్నపుడు మాకు గుండె కరగినది. 1904లో బుట్టెను. పుట్టుకతోనే చూపు మందము. ఒక కన్ను పనిచేయలేదు, రెండవదానికి దగ్గరి వస్తువులే కనబడును. అట్టి పిల్లవాడు కళాభవనములో జేరి చిత్రకారుడయ్యెను. 1946–47లో హిందీభవనపు గోడలమీద కబీరు, తులసీదాసు, సూరదాసు మున్నగు భక్తుల చరిత్రములను జిత్రించెను. తడిసున్నముమీద నీటిరంగులతో గీయు పద్ధతి యది. సున్నమారులోపల నానాటి భాగము ముగియవలెను, ఆరినపిమ్మట దిద్దుటకు వీలులేదు. అంత పెద్ద గోడకు నిలువెత్తు నకలు ముందుగా గీచి యంటించుట వాడుక. ఆయన యట్లు చేయక, గోడమీదనే నేరుగా గీచుకొనుచు బోయెను. ఆ భవనము లోపలికి బోవు నవకాశము మాకు గలుగలేదు. మేళాలో నమ్ముచున్న యొక పుస్తకములో ఛాయాపటములను జూచి తృప్తిపడితిమి. నది ప్రవాహమువలె జనము గోడపొడుగున నడచిపోవుచుందురు.

యేబదియేండ్లు దాటిన పిమ్మట కంటికి శస్త్రచికిత్స జరుగగా, ఉన్న కొద్దిచూపును బూర్తిగా బోయినది. ఆయన మానలేదు. కాగితములు కత్తిరించి, వ్రేళ్లతో దడవి చూచి, బొమ్మలు చేసెను. మైనముతో రూపములు మలచెను. మేము చూచిన పలకల గోడచిత్రము చూపు పోయిన పిమ్మట 1972లో జేసినదే. ఆయన శిష్యుడైన సత్యజిత్ రాయిగారు అదే సంవత్సరము ఆయన మీద నొక చిన్న చలనచిత్రము దీసిరి. 1980లో వినోదవిహారి దేహము చాలించెను.

అమ్మాయి ఆ గోడను జేతితో దాకి, చాలసేపటికి, "ఇంత తెలిసినవాడు గనుకనే ముందు గీచుకొనలేదు, కాదా పెద్దమ్మా?" అనెను. నిన్న ప్రదర్శనశాలలో నడిగిన ప్రశ్నకు దానే బదులు చెప్పుకొన్నది. మేమేమియు ననలేదు.

ఇక మా గర్వభంగము చెప్పవలెను. మేళాకు నొక ప్రక్క నేల నలికి, కొందరు బాలికలు ఆల్పన వేయుచుండిరి. ఆల్పన యనగా వంగీయుల ముగ్గు. బియ్యము నానబెట్టి నూరి, పలుచగా గలిపిన పిండినీటిలో చిన్న గుడ్డపీలికను ముంచి, అరచేతిలో నిముడ్చుకొని, ఉంగరపు వ్రేలి కొననుండి జారవిడుతురు. పల్లెయిండ్లలో వ్రతములకు వేయు నీ విద్యను సుకుమారీదేవియను స్త్రీ కళాభవనములో నేర్పినది. నందలాలుగారి కుమార్తె గౌరీదేవి దానిని బెంపుచేసినది. ఇచ్చటి పండుగలలో నాల్పన లేనిదే వేదిక నిండదు. ఇంటి యాడువారి చేతిపనికి విద్యాలయములో బీట వేసిన చోటు గనుక మాకు మరింత గౌరవము గలిగినది.

బాలికలకు జెప్పుచున్న వృద్ధురాలు మా చీరకట్టు జూచి, దక్షిణాదివారమని గ్రహించి, నవ్వుచు గుడ్డపీలికను మా చేతికిచ్చి, వేయుమని సైగ చేసినది. మేము నలువదియేండ్లుగా ముగ్గు వేయుచున్నవారము. ధనుర్మాసమంతయు మా వాకిట దినమున కొక ముగ్గు. ఇరువదియొక్క చుక్కల పద్మమును మాటలాడుచునే వేయగలము. ధైర్యముగా వంగితిమి. చేయి గదలలేదు! నేలపై జుక్కలు లేవు. ఎచ్చట మొదలుపెట్టవలెనో, ఎటు త్రిప్పవలెనో తోచలేదు. చుక్కలు పెట్టుకొందమన్న, నీటిపిండి చుక్క పెట్టినచోటనే పారిపోవుచున్నది. రెండు వంకరగీతలు గీచి, సిగ్గుపడి లేచితిమి. బాలికలు నవ్వలేదు, అది వారి మర్యాద.

అప్పుడు అమ్మాయి మా చేతినుండి పీలికను దీసికొన్నది. రెండు నెలల తరువాత నామె వ్రేళ్లకు దడి తగిలినది. మేము విడిచిన వంకరగీతను జెరపలేదు. దానిని ప్రక్కకు వంచి తీగ చేసినది. తీగనుండి మరియొక తీగ. మధ్యలో పీలికనుండి పెద్దచుక్క పిండినీరు జారిపడి మరకయైనది. మేము "అయ్యో" అంటిమి. ఆమె ఒక్క క్షణము ఆగి, ఆ మరకకు దొడిమ పెట్టి యాకు చేసినది. ఆకు వచ్చినది గనుక ఎదుట నింకొక యాకు కావలసివచ్చెను. రెండాకులు వచ్చినవి గనుక నడుమ మొగ్గ కావలసివచ్చెను. చూచుచుండగనే మూరెడు నేల, బారెడు నేల నిండినది. వృద్ధురాలు ప్రక్కనే కూర్చుండి, తానొక తీగను బొడిగించి, వ్రేలితో నమ్మాయిని బొడిచి, "నీ వంతు" అన్నట్లు చూచెడిది. ఇద్దరికిని భాష కలియదు. అరగంటసేపు నేలమీదనే మాటలాడుకొనిరి.

నిన్న జూచిన కవిగారి కొట్టివేతలు మాకు జ్ఞాపకము వచ్చినవి. ఆ మరక యాకైన తీరును మేము కన్నులార జూచితిమి. ఆ చిత్రము ప్రణాళికలో వ్రాయదగినది కాదు. అయినను అది యాలోచన లేని పనియు గాదు. పనియు, ఆలోచనయు వేరువేరుగాక, చేతిలోనే కలిసి నడచుచుండెను. మనము పులుసులో నుప్పు చాలినదో లేదో వాసననుబట్టి గ్రహింతుము. పిండి ముట్టుకొన్నంతనే ఇంకొక చెంచా నీరు గావలెనని దెలిసికొందుము. "ఎట్లు దెలిసినది?" అన్న జెప్పలేము. అది తెలియకపోవుట గాదు. తెలిసినది మాటలకు రాకపోవుట.

ఆ సాయంకాలము ఖోయాయి జూడబోయితిమి. వానలకు ఎఱ్ఱనేల కోసికొనిపోయి, వాగులు, గుట్టలుగా జీలిన చోటది. నీరు తాను బోవలసిన దారిని ముందు గీచుకొనలేదు; నేల యెచ్చట మెత్తనో యచ్చట బోయినది. గట్టుమీద గూర్చుండి అమ్మాయి చెప్పినది: "ఉపాధ్యాయునిదే యంతా తప్పనుకొంటిని, పెద్దమ్మా. పదిమందిలో నామాట యనుట దప్పే. కాని నేను నా దారిని ఆయనకు జూపలేదు. ముగిసిన చిత్రమును మాత్రమే యెదుట బెట్టి, 'వచ్చినది' అంటిని. ఎట్లు వచ్చినదో ఆయన కెట్లు తెలియును?" మేము, "మరి యిప్పుడేమి చేయుదువు?" అంటిమి. "వ్రాయలేను. కాని దాచి చూపగలను" అనెను. ఆ రాత్రి బజారులో నామె కోరికమీద నూరు తెల్లకార్డులు కొంటిమి.

తిరుగు ప్రయాణములో గంటగంటకు నొక కార్డు గీచినది. కిటికీలోని తాటిచెట్టు, నిద్రించు వృద్ధుని చెప్పులు, టీ అమ్ము కుఱ్ఱవాని మోచేయి. బాగుగా వచ్చినవానిని, రానివానినిగూడ వరుసయంకెలు వేసి దాచినది. కార్డులను వరుసగా బరచిన, ఒక గీత యింకొక గీతను బిలుచుట మా వంటివారికిని దెలియును. కళాశాల తెరచిన పిదప తన చిత్రముతోపాటు వానిని గూడ ఉపాధ్యాయుని యెదుట బెట్టెనట. ఆయన మెచ్చుకొనలేదు, కాని యొక్కొక్క కార్డును జూచి, "ప్రతిసారి యిట్లే తెమ్ము" అనెనట. ఆ మాట మాకు జాలును.

రుసుము సంగతి మిగిలినది. సంక్రాంతికి మా చెల్లెలును, మరిదిగారును, పిల్లలును మా యింటికి వచ్చిరి. మరిదిగారు మాతో నా ప్రస్తావన యెత్తలేదు, మేమును నెత్తలేదు. భోగినాటి తెల్లవారుజామున మేము చుక్కలపిండి తీసికొని వాకిటికి బోవుసరికి, అమ్మాయి నేల నలికి, చుక్క పెట్టకుండ, గుమ్మమునుండి వీధివరకు నొక్క తీగను నడపుచుండెను. మా చేతి చుక్కలముగ్గునకు వాకిట సగము విడిచి, తన తీగను దాని చుట్టు త్రిప్పినది. ఇరుగుపొరుగువారు వచ్చి, "ఇది యే ముగ్గమ్మా? పుస్తకమున్నదా?" అని యడిగిరి.

మరిదిగారు పాలచెంబుతో వీధినుండి వచ్చి, ముగ్గు ముందర నిలిచిరి. లోనికి దాటుటకు గజమైనను ఖాళీ లేదు. ఆయన చెప్పులు విడిచి, గోడవారగా జుట్టు తిరిగి, పెరటిద్వారమున లోనికి వచ్చిరి. చెంబు దింపి, మా చెల్లెలితో, "ఈ యేటికి గట్టుదము. వచ్చే యేడు చూతము" అనిరి. సగము సొమ్ము మేమిచ్చెదమన్న ఒప్పుకొనక, తరువాత నొప్పుకొనిరి.

అమ్మాయి గొప్ప చిత్రకారిణి యగునో కాదో మేమెరుగము. వచ్చే యేటి రుసుము మాట వచ్చే యేడు మరల వచ్చును. కాని సోదరీమణులారా, మీ యిండ్లలో బిడ్డ యేదైన గీచి తెచ్చినపుడు, "ఇదేమిటి?" యని వెంటనే యడుగకుడు. బిడ్డకే యింకను దెలియకపోవచ్చును. "మొదట నే గీత గీచితివి? దాని తరువాత?" అని యడుగుడు. చెప్పుచుండగా బిడ్డకును, వినుచుండగా మీకును దెలియును. మేము మాత్ర మీ ధనుర్మాసమున, నెవరును లేవకముందే లేచి, వాకిట నొకమూల జుక్కలు పెట్టకుండ నొక తీగ వేయుట యభ్యసించుచున్నాము. ఇంకను వంకరగానే వచ్చుచున్నది.